నాలుగు దేశాలూ, ఒక లేతు మిషనూ

మా అల్లుడు చక్రపాణిగారు 2050వ సంవత్సరాన్ని పట్టుకొచ్చి మా హాల్లో పెద్ద టీవీ మీద పెట్టారు. నాలుగు దేశాలు, నాలుగు రంగుల గీతలు. ఆదివారం గుడి కింద హాల్లో తెలుగువాళ్ళకి ఉపన్యాసం ఉంది. దానికి ముందు ఇంట్లో రిహార్సల్.

"మావయ్యగారూ, మీరే ఆడియన్స్. కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను.

ఎర్ర గీత చైనా. గాలిపటంలా పోతోంది. ఆకుపచ్చ గీత ఇండియా. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మేడ ఎక్కుతున్నట్టు ఆగి ఆగి ఎక్కుతోంది, కానీ ఎక్కుతోంది. పసుపు గీత బ్రెజిల్. కల్లు తాగి కాలవ గట్టున నడిచినట్టుంది. నీలం గీత రష్యా. గొర్రెతోక బెత్తెడు. 2050కీ బెత్తెడే.

"రష్యా ఫినిష్, మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు టీ తాగుతూ. "ఆయిల్ తవ్వి అమ్ముకోవడం తప్ప ఇంకోటి రాదు వాళ్ళకి. పిల్లల్ని కనరు. మగాళ్ళు తాగి తాగి అరవైకే పోతారు. రాకెట్ చేస్తారు, సబ్బుబిళ్ళ చెయ్యలేరు. ఇండియా, చైనా, బ్రెజిల్ పక్కన రష్యాని నిలబెట్టడమే తప్పు. ఆ లిస్టులోంచి పీకెయ్యాలి. అదీ నా పాయింట్. ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను.

ఆయన తాగుతున్న టీ మరిగింది రష్యా గిన్నెలోనే. ఆ సంగతి తరవాత చెప్తాను.

అల్లుడుగారింట్లో నేను ఉండబట్టి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో ఆయనతో "బాగుంది", "సరే బాబూ", "కూర చాలు" తప్ప పెద్దగా ఏమీ అనలేదు. మా వైపు మావ అన్నవాడు అల్లుడి మాటకి ఎదురు చెప్పడు. అల్లుడింట తినే మావ అసలే చెప్పడు. పదిమందిలో అయితే పళ్ళు రాలగొట్టుకున్నా చెప్పడు. అది పద్ధతి.

ఆ ఏడు వేసవిలోనే మా పక్కనున్న డెట్రాయిట్, ఊరికి ఊరే, ఐపీ పెట్టేసింది. అల్లుడుగారి గీతల్లో అమెరికా లేదేం అని అడగాలనిపించింది. అడగలేదు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి ఎడమ పక్క ఇంట్లో అద్దెకుండేవాడు గెన్నాది పావ్లోవిచ్ అనే రష్యా ముసలాయన. డెబ్బైనాలుగేళ్ళు. నా నోటికి పావులయ్య. నా పేరు సన్యాసయ్య. ఆయన నోటికి సాన్యా. వాళ్ళ దేశంలో అది మగపిల్లల ముద్దుపేరట. అరవైఏడేళ్ళ వయసులో నాకు ముద్దుపేరు వచ్చింది.

మా స్నేహం మొదలైంది ఒక మంచు మిషను దగ్గర. రెండేళ్ళ కిందట చలికాలంలో, వాకిట్లో మంచు తోసే మిషన్ని ట్రక్కు మీంచి తాడుతో ఒక్కడే దింపుకుంటున్నాడు. తనకి తనే "మైనా... మైనా..." అనుకుంటున్నాడు. నేను మా వాకిట్లోంచి "పమాలు!" అని అరిచాను. దీపస్తంభం మాట్లాడినట్టు చూశాడు నావైపు.

ఇందులో మాయేం లేదు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు రష్యా ఇంజనీర్లు వచ్చారు. నేను కళాసీని. బరువులెత్తే జట్టు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నవి ఎనిమిది మాటలు. వీరా అంటే ఎత్తు. మైనా అంటే దించు. పమాలు అంటే మెల్లగా. స్టోప్ అంటే ఆపు. దవాయ్ అంటే కానియ్. ఖరషో అంటే బాగుంది. మిగిలిన రెండూ ఆడవాళ్ళ ముందు అనకూడనివి. పావులయ్యతో రెండేళ్ళు ఈ ఎనిమిదింటితోనే గడిచింది. తొమ్మిదోది అవసరం పడలేదు.

ఆయన కథ మా అమ్మాయి వసంతలక్ష్మి చెప్పింది. పావులయ్య కూతురు ఒహాయోలో ఉంటుంది, వచ్చినప్పుడు ఇద్దరూ కంచె దగ్గర మాట్లాడుకునేవారు. పావులయ్య వాళ్ళ దేశంలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. సోవియట్ పోయినప్పుడు ఒక్కొక్కడికీ ఒక వాటా కాయితం ఇచ్చి, ఇకనించి ఫ్యాక్టరీ మీదే అన్నారట. వారం తిరక్కుండా ఎవడో కారులో వచ్చి కాయితానికి రెండు సారా సీసాలు చొప్పున అన్నీ కొనుక్కుపోయాడు. తరవాత ఏడాదిన్నర జీతం లేదు. జీతం బదులు అల్యూమినియం గిన్నెలు ఇచ్చారు. నెలకి నలభై గిన్నెలు. అందులో ఒకటి మా వసంతకి దసరాకి ఇచ్చాడు. కిందపడ్డా సొట్ట పడదు. అల్లుడుగారు రోజూ దాంట్లో మరిగిన టీ తాగి, రష్యావాళ్ళకి ఏదీ చెయ్యడం రాదంటారు.

పావులయ్యకి ఇక్కడ ఉన్న ఆస్తి ఒక్కటే. బేస్‌మెంట్‌లో ఒక పాత లేతు మిషను. ఎనిమిది వందల కిలోల పైమాటే. దాని మీద, పక్క ఊరు లివోనియాలో మోటార్‌సైకిళ్ళు బాగుచేసే పెడ్రోకి సామాన్లు చేసిచ్చేవాడు. ఎక్కడా దొరకని పాత బోల్టులు, బుష్షులు. పొద్దున్న ఎనిమిదికి కిందకి దిగి, నాలుగింటికి చేతులు నల్లగా పైకొచ్చేవాడు. ఆ నలుపు చూసుకుని మురిసిపోయేవాడు.

అక్టోబర్‌లో ఇంటి ఓనరు ఇల్లు అమ్మేశాడు. ఉపన్యాసానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం పన్నెండుకి ఖాళీ ఇల్లు అప్పగించాలి. సామాన్లు మోసే కంపెనీవాళ్ళు వచ్చి లేతును చూసి, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు అని వెళ్ళిపోయారు. ఓనరు పాత ఇనుము వాణ్ణి పిలిచాడు. పన్నెండింటికి గ్యాస్‌తో ముక్కలు కోసి పట్టుకుపోతాడు.

పెడ్రో మంచివాడు. తన షెడ్డులో ఒక మూల ఇస్తానన్నాడు, వెనక ఒక గది కూడా ఉందన్నాడు. లేతు బయటికొస్తే పావులయ్య లివోనియాలో పని చేసుకుంటూ ఉంటాడు. రాకపోతే ఒహాయో వెళ్ళి కూతురి ఫ్లాట్‌లో సోఫా మీద కూచుని టీవీ చూస్తాడు. ఆ సోఫా ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

శనివారం ఎనిమిదింటికి అందరం చేరాం. ఎదురింటి వాంగ్ వచ్చాడు, చైనా ఇంజనీరు. కాయితం మీద మెట్ల వాలు లెక్క కట్టి, కొత్తగా కొన్న, బరువులు లాగే కరెంటు వించి పట్టుకొచ్చాడు. ఇంకా దాని అట్టపెట్టె వాసన పోలేదు. పెడ్రో బ్రెజిల్ వాడు, తన ట్రక్కు తెచ్చాడు, దాంట్లో పాటలు పెట్టాడు, అందరికీ కాఫీ పోశాడు. అల్లుడుగారు చేతులకి కొత్త గ్లవ్స్ తొడుక్కుని వచ్చి నవ్వారు.

"చూశారా మావయ్యగారూ? బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనా. నా స్లైడ్ మొత్తం వాకిట్లో నిలబడింది! నేను కోఆర్డినేట్ చేస్తాను."

"సరే బాబూ" అన్నాను.

బేస్‌మెంట్‌ నించి పెరట్లోకి సిమెంటు మెట్లున్నాయి, పైన ఏటవాలు తలుపులు. మెట్ల మీద పలకలు పరిచాం. లేతును దుంగల మీదకి ఎక్కించి మెట్ల మొదటికి జరిపాం. అక్కడిదాకా బాగానే ఉంది. వించిని పెడ్రో ట్రక్కుకి బిగించారు. ఇక లాగడానికి లేతుకి బెల్టు కట్టాలి.

అల్లుడుగారు కట్టారు.

ఎక్కడ? లేతుకి ముందువైపు ఈ చివరినించి ఆ చివరికి పొడుగాటి మరల కడ్డీ ఒకటుంటుంది. లేతుకి అది వెన్నెముక. మరలు కోసే పనంతా దానిమీదే. బెల్టు చుట్టడానికి చేతికి బాగా అందేదీ అదే. కొత్తగా వచ్చిన ప్రతి కుర్ర కళాసీ ఒకసారి అక్కడే కడతాడు. మేస్త్రీ వీపుమీద ఒక్కటిస్తాడు. మళ్ళీ జన్మలో కట్టడు.

పావులయ్య అప్పుడు కింద, లేతు వెనక ఉన్నాడు. ఆయనకి బెల్టు కనపడదు. వాంగ్ వించి దగ్గర, పెడ్రో ట్రక్కులో. చూసింది నేనొక్కణ్ణే.

నోటిదాకా వచ్చింది. పక్కన అల్లుడుగారు, ఎదురుగా పరాయి దేశాలవాళ్ళు. మింగేశాను.

నేను చేసిందల్లా ఒక్కటే. లేతు వెనక, మెట్టు మెట్టుకీ ఒక అడ్డుచెక్క కాలితో తోస్తూ వచ్చాను. అడ్డుచెక్క వెయ్యడానికి నోరు అక్కర్లేదు.

"స్టార్ట్!" అన్నారు అల్లుడుగారు. "స్లో!" అన్నాడు వాంగ్. "గో, గో!" అన్నాడు పెడ్రో. కిందనించి పావులయ్య "స్టోప్!" అని అరిచాడు. నలుగురూ నాలుగు చెప్పారు. వించి ఎవరి మాటా వినలేదు. ఒక్క ఊపున లాగింది.

మూడు మెట్లెక్కింది లేతు. కడ్డీ వంగుతుంటే చిన్న మూలుగు వినపడింది. బెల్టు జారింది. ఎనిమిది వందల కిలోలు వెనక్కొచ్చి అడ్డుచెక్క మీద ఆగాయి. చెక్క పగిలింది కానీ ఆపింది. పావులయ్య కాలికీ దానికీ మధ్య జానెడు.

పెడ్రో పాట ఆపేశాడు.

పావులయ్య పైకొచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కడ్డీ మీద వేలు పెట్టి చివరినించి చివరికి నడిపాడు. మధ్యలో వేలు ఆగింది. వెళ్ళి గడ్డిలో కూచున్నాడు.

పదిన్నరయింది. వీధిలో ఇనుము వాడి ట్రక్కు వచ్చి ఆగింది. వాడు టోపీ కళ్ళమీదకి లాక్కుని కాఫీ తాగుతున్నాడు. తొందరేం లేదు వాడికి.

"ఓకే గైస్" అన్నారు అల్లుడుగారు, "లెసన్ ఏంటంటే, కమ్యూనికేషన్..."

"ఆగండెహె!"

ఆ అరుపు ఎవరిదా అని నేనే వెనక్కి చూశాను. మా వసంత కంచె అవతల గుడ్డల బుట్ట కింద పడేసింది.

"అల్లుడుగారూ, మీరు నోరు మూసుకోండి. వాళ్ళనీ మూసుకోమనండి. తాడు పట్టిన చోట ఒక్కడే మాట్లాడతాడు. నలుగురు మాట్లాడితే శవం లేస్తుంది. ఆ కరెంటు బొమ్మ తీసి అవతల పెట్టమనండి."

అల్లుడుగారు నావైపు చూశారు. తరవాత ఇంగ్లీషులో ఏదో చెప్పారు. నేను అన్నంత పొడుగు లేదు. మర్యాదగా ఉంది. బొమ్మ మాట మింగేసినట్టున్నారు, వాంగ్ మొహం ఏమీ మారలేదు. కానీ వించి తీసేశాడు.

పావులయ్య చేతిపనికి వాడుకునే గొలుసు కప్పీ గోడకి వేలాడుతోంది. దాన్ని తెచ్చి పెరట్లో మేపుల్ చెట్టు మొదట్లో కట్టాను. చెట్టుకి గాయం కాకుండా గోనె చుట్టాను. బెల్టు తీసి లేతు మంచం, అంటే దాని అడుగుదిమ్మ, కిందనించి, కాళ్ళ దగ్గర, రెండు వైపులా వేశాను. కడ్డీకి ఎక్కడా తగలకుండా. అల్లుడుగారు పక్కన నిలబడి ముడి ముడికీ చూశారు.

పావులయ్య లేచొచ్చి మెట్ల పైన నిలబడ్డాడు, ఆజ్ఞ ఇవ్వడానికి. చెయ్యి ఎత్తాడు. వంగిన కడ్డీ మీద చూపు పడింది. చెయ్యి దించేసి, నా భుజం మీద వేసి, "సాన్యా. దవాయ్" అన్నాడు. కన్న బిడ్డకి కుట్లు వెయ్యాలంటే డాక్టరు కూడా ఇంకో డాక్టర్ని పిలుస్తాడు.

గొలుసు దగ్గర పెడ్రోనీ వాంగ్‌నీ పెట్టాను. అల్లుడుగార్ని అడ్డుచెక్కల దగ్గర పెట్టాను. అక్కడ మాట్లాడే పని ఉండదు. బొటనవేలు పైకి చూపించి వీరా అన్నాను, కిందకి చూపించి మైనా అన్నాను, పిడికిలి బిగించి స్టోప్ అన్నాను. ముగ్గురూ ఒక్కసారికే నేర్చుకున్నారు. ప్రపంచంలో ఇంతకన్నా సులువైన బడి లేదు.

వసంత ఒక కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు తెచ్చింది. కాయ మెట్టు మీద కొట్టాను. నిమ్మకాయలు దుంగల ముందు పెట్టాను. వాంగ్ వంగి నిమ్మకాయల్ని చాలాసేపు చూశాడు. లెక్కలో అవి ఎక్కడొస్తాయో తెలియక కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వీరా... పమాలు..."

గొలుసు టకటకమంది. నిమ్మకాయలు చితికాయి. వేలెడు, వేలెడు పైకొచ్చింది లేతు. ప్రతి జానెడుకీ అల్లుడుగారు చెక్క తోశారు. చెమట కారుతుంటే కొత్త గ్లవ్స్‌తో తుడుచుకుని మొహమంతా మసి పూసుకున్నారు. ఐదో మెట్టు దగ్గర ఒక పక్కకి ఒరిగింది. పిడికిలి బిగించాను. గొలుసు అక్కడికక్కడే ఆగింది. పావులయ్య గడ్డపలుగు దూర్చి సరిచేశాడు.

"వీరా."

ఆఖరి మెట్టు ఎక్కలేదు. పెడ్రో చేతులు బొబ్బలెక్కాయి, వాంగ్‌కి ఊపిరందడం లేదు. పన్నెండుకి పది నిమిషాలుంది. ఇనుము వాడు ట్రక్కు దిగి వచ్చాడు. టైము చూసుకున్నాడు. మమ్మల్ని చూశాడు. కప్పు కింద పెట్టి, టోపీ వెనక్కి తిప్పుకుని, వచ్చి గొలుసు పట్టుకున్నాడు.

అల్లుడుగారి గీతల్లో లేని దేశం అది.

నాకు రష్యా మాటలు అయిపోయాయి. "ఐలెస్సా!" అన్నాను. "హైలెస్సా!" అన్నారు అల్లుడుగారు, ఎక్కడినించొచ్చిందో ఆయనకే తెలీదు. మూడోసారికి అందరూ అన్నారు, ఎవరి యాసలో వాళ్ళు. లేతు గడ్డిమీదకి వచ్చి కూచుంది.

ఇనుము వాడు నాలుగు మాటలన్నాడు. అర్థం ఏంటని అల్లుడుగార్ని అడిగాను.

"ఇంత మంచి మిషన్ని కొయ్యమంటే నాకూ బాధగానే ఉంది అంటున్నాడు, మావయ్యగారూ."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అల్లుడుగారు పప్పు కలుపుతూ ఆగారు.

"ఆ బెల్టు అక్కడ కట్టకూడదని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు అల్లుడుగారు."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. వసంత గరిటె పట్టుకుని నా మీదకొచ్చింది.

"బాగుంది సంబడం! ఆయన అల్లుడైతే ఆ ముసిలాయన కాలు పోవాలా? ఏటి నాన్నా, నీ మర్యాదలు తగలెయ్య! ఏడేళ్ళనించీ సాంబార్లో ఉప్పు ఎక్కువైనా ‘బాగుంది’ అంటున్నావు. అదీ అబద్ధమేనా?"

"కొన్నిసార్లు" అన్నాను.

అల్లుడుగారు మెల్లగా, "నా ప్రెజెంటేషన్?" అన్నారు.

నేను మజ్జిగ పోసుకున్నాను. ఆయనకి జవాబు అందింది.

ఆదివారం గుడి హాల్లో ఉపన్యాసం చెప్పారు. గీతలు అవే. రష్యా గీత అదే గొర్రెతోక. అయితే ఆ స్లైడు వచ్చినప్పుడు గొంతు తగ్గించి, "ఇది అంచనా మాత్రమే. తాడు ఎక్కడ కట్టామన్న దాన్నిబట్టి మారొచ్చు" అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లు కొట్టారు. పులిహోర బాగుంది. నిజంగానే.

సోమవారం పెడ్రో షెడ్డుకి వెళ్ళాను. అల్లుడుగారే ఆఫీసుకి పోతూ దింపారు. పావులయ్య అప్పటికే కడ్డీ ఊడదీసి రెండు దిమ్మల మీద పెట్టుకుని, పైనించి జాక్‌తో నొక్కుతున్నాడు. నొక్కడం, వేలితో తడమడం, మళ్ళీ నొక్కడం.

నాకు ఒక పని మిగిలి ఉంది. దానికి ఎనిమిది మాటల్లో ఒక్కటీ పనికిరాదు. ఆయన వేలు పట్టుకుని కడ్డీ వంగిన చోట పెట్టాను. తరవాత నా కన్ను చూపించాను. తరవాత నా చేత్తో నా నోరు మూసుకున్నాను.

కోపం వస్తుందనుకున్నాను, రావాలి కూడా. మొహం ఎర్రబడింది. జాక్ పిడి మీద చెయ్యి బిగిసింది. ఆ రెండు చెడ్డ మాటల్లో ఒకటి అన్నాడు. నాకు ఆ మాట తెలుసు, అందుకని సరిగ్గా తగిలింది.

తరవాత పిడి వదిలేసి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో అన్నాడు. అంత ముక్కలైతేనే నాకు అర్థమవుతుంది.

"మై కంట్రీ. ఆల్ పీపుల్ సీ." కన్ను చూపించాడు. "ఆల్ పీపుల్." చేత్తో నోరు మూసుకున్నాడు. వేళ్ళ మీద పదులు లెక్కపెట్టి ఏడు వేళ్ళు చూపించాడు. "సెవెంటీ ఇయర్స్."

ఆ మూసుకున్న చేతి వెనకనించే నవ్వు మొదలైంది. ఆపుకోలేక దగ్గాడు. నాకూ నవ్వొచ్చింది. పెడ్రో వచ్చి, ఇద్దరు ముసలాళ్ళు నోళ్ళు మూసుకుని ఎందుకు ఊగుతున్నారో తెలియక, తనూ నవ్వి వెళ్ళాడు.

నవ్వయ్యాక చీపురు తెచ్చి నా చేతిలో పెట్టాడు. లేతు కింద ఇనప రజను నెల రోజులు నేనే ఊడవాలట. శిక్ష. రోజూ పొద్దున్న ఎనిమిదికి. సోఫా ఒకటి ఖాళీ అయింది.

మూడు వారాలకి కడ్డీ మళ్ళీ ఎక్కించాడు. ఒక బోల్టుకి మరలు కోసి, నట్టు నా చేతికిచ్చాడు. తిప్పాను. వేళ్ళతోనే పోయింది, నూనెలో పోయినట్టు. ఇంకో బోల్టు, కడ్డీ వంగిన చోట పెట్టి కోశాడు. నట్టు సగందాకా పోయి బిగుసుకుపోయింది.

"ఖరషో?" అన్నాడు నన్ను చూసి.

ఇదివరకైతే తలూపేవాణ్ణి. "కాదు" అన్నాను తెలుగులోనే. అర్థమైంది ఆయనకి.

ఎర్ర సుద్దముక్క తీసి, కడ్డీ వంగిన ఆ జానెడు మేరకీ అటొకటి ఇటొకటి గీతలు గీశాడు. ఆ మధ్య పని చెయ్యం. దానికి ఇవతల పనిచేసుకుంటున్నాం.